ఇంజిన్ ఆయిల్: కిలోమీటర్ల లెక్క, గంటల లెక్క

బండి ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని ఆటోనగర్‌లో అడిగితే 2,000 అంటారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే బైకుకి 6,000, కారుకి 10,000 అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు నల్లబడగానే మార్చెయ్యమంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో కాలపు ఇంజిన్ని, ఒక్కో రకం బండిని మనసులో పెట్టుకుని చెబుతున్నారు. ఆ బండి ఎలా తిరిగేదో అడక్కుండా అంకెను మాత్రం తెచ్చి మన బండికి తగిలించుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

డబ్బాలో ఉన్నదంతా నూనె కాదు. అందులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా రసాయనాలుంటాయి. మసి రేణువుల్ని అడుగున పేరుకోనివ్వకుండా తేలించి ఉంచేవి కొన్ని. ఇంధనం కాలినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచే క్షారాలు కొన్ని. క్యామ్ మీద ఇనుమూ ఇనుమూ రాసుకునే చోట పలుచటి పొర కట్టే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం ఒకటి. వేడెక్కినా నూనె మరీ పలుచబడకుండా చూసే పాలిమర్లు ఇంకొన్ని. అసలు నూనె అంత తొందరగా చెడదు. ముందు ఖర్చయ్యేవి ఈ రసాయనాలు. మరోపక్క నీరు, కాలని పెట్రోలు, దుమ్ము, అరిగిన లోహపు పొడి వచ్చి చేరుతుంటాయి. కాబట్టి ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న రెండు వేగాల మీద ఆధారపడుతుంది: రసాయనాలు ఎంత త్వరగా అయిపోతున్నాయి, చెత్త ఎంత త్వరగా చేరుతోంది.

పాత మేస్త్రీల చిన్న అంకెకు మూలం ఇక్కడే ఉంది. డీజిల్‌లో గంధకం ఎక్కువగా ఉన్న రోజుల్లో అది కాలి ఆమ్లంగా మారి నూనెలోని క్షారాన్ని తినేసేది. బీఎస్2 కాలుష్య ప్రమాణాల నాటి డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 500 పాళ్ల దాకా గంధకం ఉండేది. బీఎస్3లో 350, బీఎస్4లో 50 అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చాక 10కి దిగింది. కార్బురేటర్ ఉన్న ఇంజిన్లు చోక్ లాగినప్పుడల్లా కాలని పెట్రోల్ని సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దింపేవి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు కొలిచి చల్లుతాయి. నూనె తయారీ కూడా మారింది. అప్పటి బండికి, అప్పటి నూనెకు 2,000 సరైన మాటే. ఇప్పటి కారుకు దాన్నే పట్టుకుంటే మంచి ఆయిల్ని ఊరికే పారబోసినట్టే.

అమెరికాలోనూ ఇదే వాదన చాలా కాలం నడిచింది. అక్కడ 3,000 మైళ్లకు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకు, ఆయిల్ మార్చడం ఒక ఆచారంగా పాతుకుపోయింది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఈ నమ్మకాన్ని న్యూయార్క్ టాక్సీల మీద పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించింది. 75 టాక్సీలకు ఇంజిన్లు కొత్తగా కట్టించి, ఒక్కొక్కటి 60,000 మైళ్లు తిరిగాక విప్పి అరుగుదల కొలిచారు. 3,000కి మార్చిన వాటికీ 6,000కి మార్చిన వాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక బ్రాండుకూ ఇంకో బ్రాండుకూ కూడా లేదు. తర్వాత కాలిఫోర్నియా ప్రభుత్వమే పూనుకుని, 3,000 మైళ్ల లెక్క వదలండి, మీ బండి మాన్యువల్ చూడండి అని ప్రచారం చేసింది.

నేను ఆ పరీక్షను గౌరవిస్తాను, కానీ దాన్ని మన వీధిలోకి తెచ్చుకునే ముందు ఒక సంగతి చూడాలి. టాక్సీ ఇంజిన్ రోజంతా వేడిగానే ఉంటుంది. పొద్దున ఒకసారి స్టార్ట్ చేస్తే షిఫ్టు దిగేదాకా నడుస్తూనే ఉంటుంది. నూనెకు అంత అనుకూలమైన బతుకు ఇంకోటి లేదు. మన ఊళ్లలో చాలా కార్ల బతుకు దీనికి సరిగ్గా తలకిందులు. పిల్లలు అమెరికాలో ఉండి అమ్మానాన్నల కోసం కొనిపెట్టిన కారునే తీసుకోండి. వారానికోసారి గుడికి, నెలకోసారి బ్యాంకుకు, ఎప్పుడైనా ఆసుపత్రికి వెళుతుంది. ఏడాదికి 1,500 కిలోమీటర్లు దాటదు. మీటర్ చూసినవాళ్లు ఆయిల్ ఇంకా కొత్తదే కదా అనుకుంటారు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలా భాగం సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ నీరు ఆవిరైపోతుంది. మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతే అక్కడే ఉండిపోతుంది. అలాంటి కారు బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. మీగడ రంగులో మెత్తటి నురగ అంటుకుని ఉంటే అది నీరు కలిసిన ఆయిల్. మాన్యువల్‌లో కిలోమీటర్ల పక్కన ‘లేదా ఏడాది’ అని రాసింది ఇలాంటి బళ్ల కోసమే. ఆ ఏడాదిని దాటనివ్వకూడదు. కొడుకో కూతురో ఫోన్ చేసినప్పుడు కారు సంగతి కూడా అడిగి, పదిహేను రోజులకోసారి ఊరి బయట హైవే మీద అరగంట తిప్పి రమ్మని చెప్పడం నాన్నగారికీ కారుకీ ఇద్దరికీ మంచిది.

కిలోమీటర్ల లెక్కలో ఉన్న లోపం ట్రాక్టర్ ఉన్న రైతుకు మొదటినుంచీ తెలుసు. ట్రాక్టర్ మీటర్ గంటలు లెక్కపెడుతుంది. ఆయిల్ మార్పు 250 గంటలకనో, మోడల్‌ని బట్టి ఇంకో అంకెకనో పుస్తకంలో ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు బురదలో కేజ్ వీల్స్‌తో ఇంజిన్ రోజంతా పూర్తి బలంతో లాగుతుంది, నాలుగు ఎకరాల మడి దాటి మాత్రం పోదు. దూరం కొలిస్తే దాని కష్టం కనిపించదు. ఇప్పుడు హైదరాబాద్ కారుకు ఈ లెక్క వేసి చూడండి. అమీర్‌పేట, కూకట్‌పల్లి రద్దీలో గంటకు 20 కిలోమీటర్ల సగటు వేగంతో 10,000 కిలోమీటర్లు తిరగాలంటే ఇంజిన్ 500 గంటలు నడవాలి. విజయవాడ హైవే మీద గంటకు 60 సగటుతో తిరిగిన కారుకు అదే 10,000కి 167 గంటలు చాలు. మీటర్ మీద అంకె ఒకటే, లోపలి ఆయిల్ చేసిన చాకిరీ మూడు రెట్లు. సిగ్నల్ దగ్గర ఖాళీగా తిరిగే ఇంజిన్ మీద ట్రాక్టర్‌కున్నంత బరువు ఉండదు కాబట్టి ట్రాక్టర్ గంటల్ని నేరుగా కారుకు అంటగట్టలేం. అయినా బండి ఎలా బతుకుతోందో చెప్పడానికి నాకు ఇంతకంటే నిజాయితీ గల కొలత కనిపించలేదు. చాలా కొత్త కార్ల డిస్‌ప్లేలో సగటు వేగం చూపిస్తుంది. తిరిగిన దూరాన్ని దానితో భాగిస్తే మీ గంటలు మీకు తెలిసిపోతాయి.

కార్ల కంపెనీలకు ఇది తెలియక కాదు. ఫోక్స్‌వ్యాగన్ యూరప్‌లో తన లాంగ్‌లైఫ్ ఆయిల్‌తో 30,000 కిలోమీటర్లు లేదా రెండేళ్ల దాకా వెళ్లనిస్తుంది. మన దేశంలో అదే కంపెనీ 15,000 లేదా ఏడాది అంటుంది. మారుతి, టొయోటా పెట్రోల్ కార్లకు సాధారణంగా 10,000 లేదా ఏడాది. చాలా మాన్యువల్స్‌లో వెనక ఇంకో పట్టిక ఉంటుంది, ఎవరూ తిప్పని పేజీలో. దుమ్ము రోడ్లు, చిన్న చిన్న ప్రయాణాలు, ఎక్కువ సేపు ఖాళీగా నడపడం, బరువు లాగడం, ఘాట్ రోడ్లు ఉంటే తొందరగా మార్చమని అందులో రాస్తారు. రద్దీ నగరంలోనే తిరిగే కారుకు 10,000 అని రాసి ఉంటే నేను 7,000 దగ్గరే మార్పిస్తాను. హైవే మీదే ఎక్కువగా తిరిగే కారుకు రాసిన 10,000 దాకా ఆగడానికి ఏ బెంగా అక్కర్లేదు.

బైకు కథ వేరు. కారులో ఇంజిన్‌కి ఒక నూనె, గేర్‌బాక్స్‌కి వేరే నూనె. మన బైకుల్లో ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. గేరు పళ్ల మధ్య నలిగి పాలిమర్లు తెగిపోతాయి, ఆయిల్ పలుచబడుతుంది. పైగా 100 సీసీ బండిలో పట్టే ఆయిల్ లీటరుకు మించదు. అంత కొద్ది నూనె మీద అంత పని. చాలా బళ్లకు నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు లేదు, గాలే దిక్కు. అందుకే బైకు వ్యవధి కారుతో సమానంగా ఉండదు, ఉండకూడదు. కొత్త బండికి 500 నుంచి 750 కిలోమీటర్ల మధ్య చేసే మొదటి సర్వీస్‌ని మాత్రం ఏ కారణంతోనూ దాటవేయకండి. కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకుంటూ రాల్చిన లోహపు పొడి ఆ మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది.

బైకులో కారు ఆయిల్ పోయకూడదన్న మాటకు కూడా గట్టి కారణమే ఉంది. కారు ఆయిల్స్‌లో, ముఖ్యంగా పలుచటి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 రకాల్లో, మైలేజ్ కోసం రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. క్లచ్ పట్టు ఉండేదే రాపిడి మీద. అది తగ్గితే క్లచ్ జారుతుంది: యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ గోల పెడుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. దీనికోసమే జపాన్ వాళ్లు 1998లో జాసో ప్రమాణం తెచ్చారు. గేర్ల బైకుకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. గేర్లు లేని స్కూటర్‌లో క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి ఎంబీ వాడతారు. యాక్టివాకి తెచ్చిన ఎంబీ డబ్బాలో మిగిలింది ఇంట్లో ఉన్న స్ప్లెండర్‌లో పోయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. పోయకండి.

ఇక ఏ ఆయిల్ అన్న ప్రశ్న. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో 10డబ్ల్యూ-30 లాంటిది ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో నూనె ఎలా ప్రవహిస్తుందో చెబుతుంది, తర్వాతది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని. 10డబ్ల్యూ పరీక్ష సున్నాకి దిగువన 25 డిగ్రీల దగ్గర జరుగుతుంది. లంబసింగిలో కూడా అంత చలి రాదు కదా, మొదటి అంకె మనకెందుకని అడుగుతారు. రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో 25 డిగ్రీల దగ్గర కూడా ఆయిల్ వేడిమీద ఉన్నదానికంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో అది పైదాకా ఎక్కి క్యామ్‌ని తడపాలి. ఆ కాసేపట్లో జరిగే అరుగుదల చిన్నది కాదు.

రెండో అంకె గురించి మన దగ్గర ఒక నమ్మకం బలంగా ఉంది: మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిదని. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటితే ఈ మాట సహజంగానే అనిపిస్తుంది. అయితే నీళ్లతో చల్లబడే కారు ఇంజిన్‌లో వేడిని థర్మోస్టాట్ అదుపు చేస్తుంది. బయట 20 అయినా 45 అయినా లోపల ఆయిల్ దాదాపు 100 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. కంపెనీ బేరింగుల మధ్య ఖాళీని, ఆయిల్ పంపుని ఆ వేడికి, ఆ చిక్కదనానికి సరిపెట్టి కట్టింది. మారుతి కొత్త కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-16 చెప్పడం చూసి చాలామంది జడుసుకుని 20డబ్ల్యూ-50 పోయిస్తున్నారు. అలా చేస్తే సన్నటి దారుల్లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, మైలేజ్ తగ్గుతుంది. గాలితో చల్లబడే బైకు మీద మాత్రం ఎండ ప్రభావం ఎక్కువే. అందుకే బజాజ్ పల్సర్‌కి 20డబ్ల్యూ-50, రాయల్ ఎన్‌ఫీల్డ్ 15డబ్ల్యూ-50 చెబుతాయి, హీరో తన చిన్న బళ్లకు 10డబ్ల్యూ-30 చెబుతుంది. ఎవరి ఇంజిన్ లెక్క వాళ్లు వేసుకునే చెప్పారు. పొగ వస్తూ ఆయిల్ తాగుతున్న పాత ఇంజిన్‌లో, బోరుకు పంపేదాకా నెట్టుకురావడానికి, ఒక మెట్టు చిక్కటిది పోయడం ఒప్పుకోదగ్గదే. అది తాత్కాలికం.

డబ్బా మీద ఏపీఐ అక్షరాలు చిన్నగా ఉంటాయి, పని మాత్రం అవే చెబుతాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్‌కి, సీతో మొదలైతే డీజిల్‌కి. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. ఒక లీటరు, 1.2 లీటర్ల చిన్న టర్బో పెట్రోల్ కార్లున్నవాళ్లు దీన్ని తప్పక చూడాలి. తక్కువ వేగంలో ఎక్కువ బలం అడిగినప్పుడు వీటిలో పెట్రోలు ముందే అంటుకుని పిస్టన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఆయిల్‌లోని కాల్షియం దాన్ని పెంచుతుందని తేలాక రసాయనాల పాళ్లు మార్చి 2018లో ఎస్ఎన్ ప్లస్, తర్వాత ఎస్‌పీ తెచ్చారు. బీఎస్6 డీజిల్ కారుకు ఇంకో షరతు. దాని పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. మసిని అది కాల్చేసుకుంటుంది కానీ ఆయిల్‌లోని లోహాలు మిగిల్చే బూడిదను కాల్చలేదు. బూడిద నిండితే ఫిల్టర్ మార్చాలి, ఆ ఖర్చు ఎన్నో సార్ల ఆయిల్ ఖర్చును మించుతుంది. తక్కువ బూడిద ఆయిల్‌ని, మాన్యువల్‌లో ఏసీఈఏ సీ3 లాంటి పేరుతో రాసినదాన్నే పోయాలి. షెడ్డులో డ్రమ్ము నుంచి కొలిచి పోసే మామూలు డీజిల్ ఆయిల్ ఇక్కడ పనికిరాదు. ఈ కార్లలో డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతూ కనిపిస్తే సంతోషించకండి. డీపీఎఫ్ శుభ్రం చేసుకునే ప్రయత్నంలో డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందన్నమాట.

సింథటిక్ సంగతి. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య తగాదా వచ్చింది. ముడి చమురునే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 నూనెను సింథటిక్ అని అమ్మవచ్చా అన్నది వివాదం. ప్రకటనల తగాదాలు చూసే అక్కడి సంస్థ అమ్మవచ్చంది. అప్పటినుంచి డబ్బా మీది ఆ మాట లోపల ఏ నూనె ఉందో పూర్తిగా చెప్పదు. మంచి సింథటిక్ వేడికి తట్టుకుంటుంది, తక్కువ ఆవిరవుతుంది, టర్బో దగ్గర మాడి గట్టిపడదు. టర్బో ఉన్న కారుకు దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. నీళ్లు, దుమ్ము, కాలని పెట్రోలు మాత్రం సింథటిక్‌లోకీ అంతే వేగంగా చేరతాయి. ఖరీదైనది పోశాను కాబట్టి రెట్టింపు నడపొచ్చన్న లెక్క అందుకే కుదరదు.

రంగు చూసి తేల్చే అలవాటు కూడా వదలాలి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ ఒకటి రెండు రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచుతోందంటే పని చేస్తోందనే. సీఎన్‌జీ ఆటోలో దీనికి పూర్తిగా ఎదురు. గ్యాస్‌కి మసి తక్కువ, అందుకని ఆయిల్ చాలా రోజులు లేత రంగులోనే ఉంటుంది. వేడి ఎక్కువ కాబట్టి లోలోపల ఆక్సీకరణ జరిగి చిక్కబడుతుంది. డ్రైవర్ డిప్‌స్టిక్ చూపించి ‘అన్నా, ఇంకా కొత్తదానిలాగే ఉంది, ఇంకో నెల లాగిద్దామా?’ అంటే మంచి మెకానిక్ చెప్పే జవాబు ఒకటే: ‘రంగు చూడకు తమ్ముడూ, మీటర్ చూడు.’

ఇంతకీ ఇంజిన్లను చంపేది ఎక్కువగా పాత ఆయిల్ కాదు, తగ్గిపోయిన ఆయిల్. సీజ్ అయిన బైకు ఇంజిన్లు విప్పే ఏ మెకానిక్‌నైనా అడగండి. లీటరు లోపు ఆయిల్ పట్టే బండి నెలకు కొంచెం తాగినా, రెండు మూడు నెలలు ఎవరూ చూడకపోతే సగానికి దిగుతుంది. చాలా బైకులకు హెచ్చరించే లైటు కూడా లేదు. చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. బండిని సమతలంగా ఉన్నచోట మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి కాసేపు ఆగండి. డిప్‌స్టిక్ విప్పి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. హీరో, హోండా బళ్లకు మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి, బిగించి తీస్తే మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. ఆయిల్ తడి రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటించి పోయడం కూడా కీడే, క్రాంక్ చిలికి నురగ చేస్తుంది. కారులో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇంటిదాకా పోదామనుకోకండి. అది పంపు ఒత్తిడి పోయిందని చెబుతోంది. అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి. కొరత పడినప్పుడు అదే గ్రేడు వేరే బ్రాండుది కలిపి నింపినా ఫర్వాలేదు, ఖాళీగా నడపడం కంటే వెయ్యి రెట్లు మేలు.

దుమ్ము గురించి ఒక్క మాట. ఎర్రమట్టి రోడ్లు, ఇటుక బట్టీలు, క్వారీల దగ్గర తిరిగే బళ్లకు ఆయిల్ కంటే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. చిరిగిన ఫిల్టర్‌లోంచి వెళ్లిన ఇసుక రేణువుని ఎంత మంచి ఆయిలూ మెత్తబరచలేదు. ఆయిల్ ఫిల్టర్ ఉన్న బండికి ఆయిల్‌తో పాటే అదీ మార్చాలి. ‘ఈసారికి ఇదే నడుస్తుంది’ అంటే ఒప్పుకోకండి. ఇంజిన్ ఫ్లష్‌లు, బిల్లులో అదనంగా కలిపే సీసాలు చాలావరకు అనవసరం. మంచి ఆయిల్‌లో ఉండాల్సిన రసాయనాలు ఇప్పటికే ఉన్నాయి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి నీళ్లలో ఉన్న బళ్లకు కిలోమీటర్లతోనూ గంటలతోనూ పనిలేదు. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడాలన్న తొందరే వాటిని పూర్తిగా చంపుతుంది. ముందు డ్రెయిన్ బోల్టు విప్పాలి. నీళ్లు అడుగున ఉంటాయి కాబట్టి మొదట అవే ధారగా వస్తాయి, ఆ తర్వాత ఆయిల్. స్పార్క్ ప్లగ్ తీసి సిలిండర్‌లో నీరుంటే బయటికి కొట్టించాలి. చౌక ఆయిల్ పోసి కాసేపు నడిపి దించాలి, పాలరంగు పోయేదాకా అలాగే మార్చుతూ పోవాలి. ఆ తర్వాతే అసలు ఆయిల్, కొత్త ఫిల్టర్.

దించిన ఆయిల్‌కి కూడా ఒక దారి ఉంది. పల్లెల్లో దాన్ని చెదలు పట్టకుండా వాసాలకు పూస్తారు, మిగిలింది గట్టు మీద పోస్తారు. అందులో అరిగిన లోహాలు, కాలిన ఇంధనం మిగిల్చిన విషాలు ఉంటాయి. ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మన దేశంలో వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని వెనక్కి సేకరించి మళ్లీ శుద్ధి చేయించే బాధ్యతను నిబంధనలు ఆయిల్ తయారీదారుల మీద పెట్టాయి. ఇంటి దగ్గరే ట్రాక్టర్ ఆయిల్ మార్చుకునే రైతు దాన్ని మూతున్న డబ్బాలో పట్టి, టౌన్‌కి వెళ్లినప్పుడు వాడిన ఆయిల్ సేకరించే షెడ్డులో ఇవ్వవచ్చు. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాను మాత్రం పాత సామాన్లవాడికి వేసేముందు కత్తితో కోసేయండి. నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లకు కావాల్సింది ఆ మంచి డబ్బాయే.